బొగ్గుపులుసు వాయువు, నీరు: వీనినుండి ఇంధనము

తొమ్మిదవ తరగతిలో దహనమును గూర్చి పాఠము చెప్పుచుండగా ఒక విద్యార్థి లేచి, "మాస్టారూ, గాలినుండియు నీటినుండియు పెట్రోలు తీయుచున్నారట, నిజమేనా?" అని యడిగెను. వార్తాపత్రికలో చదివితినని చెప్పెను. తరగతిలో సగముమంది నవ్విరి. మేము నవ్వలేదు. ఏలయన ఆ ప్రశ్నకు నిజమే యనియు చెప్పవచ్చును, కాదనియు చెప్పవచ్చును. ఆ రెంటికిని నడుమ నున్న లెక్క తెలియనివాడు ఏ సమాధానము విన్నను మోసపోవును. ఆనాడు గంట మ్రోగుటచే సగములో నిలిచిపోయిన సమాధానమును ఈ సంచికలో పూర్తిచేయ దలచితిమి.

నీటినుండి పెట్రోలు అను మాట మన దేశమునకు క్రొత్త కాదు. 1996లో తమిళనాట ఒక గ్రామీణుడు మూలికలను నీటిలో మఱగించి పెట్రోలు చేయుచున్నానని ప్రకటించెను. పత్రికలు పొగడినవి, పెద్దలు నమ్మిరి, చదువుకొన్నవారు సైతము కొన్నాళ్లు తికమకపడిరి. తుదకు అది కల్తీ సరకే యని తేలి, 2016లో చెన్నైలోని న్యాయస్థానము అతనికి శిక్ష విధించినది. ఆతని కథలో లోపించినది ఒక్కటే: ఆ యింధనములోనికి శక్తి ఎచ్చటినుండి వచ్చినది? ఈ ప్రశ్న వేయనేర్చిన పదునాలుగేండ్ల బాలుని ఎవ్వరును మూలికలతో మోసగింపలేరు.

కట్టె కాలగా బూడిద మిగులును. ఆ బూడిదనే పొయ్యిలో వేసి మరల అన్నము వండుదమనువానిని చూచి మన యిండ్లలో అమ్మలు నవ్వుదురు. బొగ్గు కాలగా మిగులు బూడిదయే బొగ్గుపులుసు వాయువు. ఉదజని కాలగా మిగులు బూడిదయే నీరు. మొదటిది కంటికి కనబడక గాలిలో కలిసిపోవును. రెండవదానిని మనము త్రాగుదుము. అందుచేత వీనిని బూడిదలని మనము తలపము. పెట్రోలులో నున్నవి ముఖ్యముగా కర్బనము, ఉదజని యను రెండు మూలకములే గనుక, అది మండినపుడు ఈ రెండు బూడిదలును మిగులును. వానిని తిరిగి ఇంధనముగా మార్చవచ్చును. అందు అసాధ్య మేమియు లేదు. కాని మండినపుడు వెలువడిన శక్తినంతయు మొదట తిరిగి చెల్లింపవలెను, దానిపై వడ్డీయు చెల్లింపవలెను. చెట్టు ఆకు ప్రతిదినము చేయుచున్న పని యిదియే. దానికి అప్పిచ్చువాడు సూర్యుడు.

ఇచ్చట ఒక మాట. మేము ఉదజని, ఆమ్లజని యని చెప్పినపుడు, ఒడియా మాధ్యమమునుండి వచ్చి చేరిన పిల్లలు వెంటనే గ్రహింతురు. వారి పుస్తకములలో ఉదజాన, అమ్లజాన యని యుండును. బొగ్గుపులుసు వాయువు మాత్రము వారికి అంగారకామ్లము. మన మాటలో పులుసు కలదు, వారి మాటలో ఆమ్లము కలదు, రెండును ఒక్కటే. సోడా త్రాగినపుడు నాలుకకు తగులు చుఱుకు ఆ పులుసుదే.

ఇక పని మూడు విధములు: బొగ్గుపులుసు వాయువును పట్టుట, నీటినుండి ఉదజనిని విడదీయుట, ఆ రెంటిని కలుపుట.

పట్టుటకు ఉదాహరణము కొఱకు దూరము పోనక్కరలేదు. సముద్రతీరమున గుల్లలను కాల్చి సున్నము చేయుట మన పెద్దలెఱిగినదే. గుల్ల కాలినపుడు అందలి బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి సున్నము మిగులును. ఆ సున్నమును నీట విఱిచి పండుగకు గోడలకు పూయుదుము. పూసిన కొన్నాళ్లకు అది గట్టిపడును. గాలిలోని బొగ్గుపులుసు వాయువును మరల పీల్చుకొని అది తొంటి గుల్ల పదార్థముగా మారుటచేతనే అట్లగును. కావున మన తాతలు వెల్లవేసిన ప్రతి గోడయు గాలినుండి ఈ వాయువును పట్టిన యంత్రమే. నేడు కెనడాలో రూపొంది అమెరికాలో పెద్దయెత్తున నిర్మింపబడిన యంత్రములలో ఒక విధమైనవి నడచునదియు ఇంచుమించు ఈ చక్రముమీదనే. క్షారద్రవము గాలినుండి వాయువును పీల్చును. సున్నము దానిని తనలో చేర్చుకొనును. సుమారు 900 డిగ్రీల వేడిలో అది సున్నమునుండి శుద్ధముగా వెలువడును. మిగిలిన సున్నము మరల పనికి వచ్చును.

చిక్కు ఎచ్చట ననగా, గాలిలో ఆ వాయువు మిక్కిలి పలుచగా నున్నది. 1958లో హవాయి ద్వీపమున చార్లెస్ కీలింగ్ కొలుచుట ప్రారంభించినపుడు గాలి పదిలక్షల పాళ్లలో అది సుమారు 315 పాళ్లుండెను. 2024 నాటికి సుమారు 425 పాళ్లయినది. భూమి వేడెక్కుటకు ఇది చాలును, పట్టుకొనుటకు మాత్రము చాలదు! మేము తొమ్మిదవ తరగతి గదినే కొలిపించితిమి. 24 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 12 అడుగుల యెత్తు. గదిలో ఎవ్వరును లేనపుడు అందలి గాలిలో ఉండు బొగ్గుపులుసు వాయువు సుమారు 125 గ్రాములు మాత్రమే. ఒక కిలో మిథనాల్ చేయుటకు అట్టి గదులు పదకొండింటిని పూర్తిగా పిండవలెను.

అందుచేత తెలివిగలవారు మొదట చిక్కగా దొరకు చోట్లను వెదకుదురు. బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రపు పొగగొట్టమున ఇది నూటికి 12 మొదలు 14 పాళ్లుండును. ఆ పొగను అమీన్ జాతికి చెందిన ద్రవములో కడుగగా, ద్రవము చల్లగా నున్నపుడు వాయువును పట్టును, సుమారు 120 డిగ్రీలకు కాచినపుడు విడిచిపెట్టును. ఇంతకంటెను సులభమైన చోటు మన జిల్లాలోనే కలదు. అస్కాలో పందొమ్మిదవ శతాబ్దముననే మించిన్ దొరవారి చక్కెర కర్మాగారమును, దానితోపాటు సారాయి బట్టియు నుండెను. పిదప అచ్చట సహకార పద్ధతిపై చక్కెర కర్మాగారము వెలసినది. చక్కెర మడ్డి పులిసి ఆల్కహాలుగా మాఱునపుడు 92 పాళ్ల ఆల్కహాలుతోపాటు 88 పాళ్ల బొగ్గుపులుసు వాయువు పుట్టును. తొట్టిలో బుడబుడ లేచు బుడగలన్నియు అవియే; వానిని ప్రత్యేకముగా శుద్ధిచేయవలసిన పని స్వల్పము. పైగా అది ఆ సంవత్సరమే చెఱకు గాలినుండి తీసికొన్న వాయువు. బొగ్గు పొగనుండి తీసినది అట్లు కాదు. దానితో చేసిన ఇంధనము ఓడలోనో బండిలోనో మండి, భూమిలోని కర్బనమును తుదకు ఆకాశమునకే చేర్చును. ఒక్కమాఱు పోవలసినది రెండుమాఱులు పనిచేసి పోవును, అంతే. ఈ భేదమును ప్రకటనలు వ్రాయువారు తరచుగా మఱచుచుందురు.

రెండవ పని నీటిని విడదీయుట. వోల్టా కనిపెట్టిన విద్యుద్ఘటము వార్త అందిన కొలదికాలమునకే, 1800లో నికల్సన్, కార్లైల్ అను ఇరువు రాంగ్లేయులు నీటిలో విద్యుత్తును పంపి రెండు వాయువులను చూచిరి. మన ప్రయోగశాలలో తొమ్మిది వోల్టుల బ్యాటరీ, రెండు పెన్సిలు ములుకులు, చిటికెడు తినుసోడా కలిపిన నీరు ఉన్న చాలును. ఒక ములుకువద్ద బుడగలు రెట్టింపుగా లేచును, అది ఉదజని. సోడాకు బదులు ఉప్పు వేయవచ్చునా యని పిల్లలు అడుగుదురు. వేయరాదు, ఘాటైన క్లోరిను వెలువడును.

ఉప్పునీటిలో విద్యుత్తును పంపిన ఏమగునో మన జిల్లాకు చాలకాలమునుండి తెలియును. హుమ్మా ఉప్పుమళ్లకు దూరము కాని గంజాంవద్ద, ఋషికుల్యా తీరమున, ఉప్పునుండి కాస్టిక్ సోడాను తీయు కర్మాగారము 1960ల నాటిది. సోడాతోపాటు క్లోరినును, ఉదజనియు ఆ పద్ధతిలో పుట్టును. అనగా నేడు పత్రికలు అద్భుతమని వ్రాయుచున్న విద్యుద్విశ్లేషణము గంజాం జిల్లాలో పాత కాపే. ఆనాటి యంత్రములలో పాదరసము వాడుకలో నుండెను. ఋషికుల్య సాగరసంగమమున బురదలోనికిని, జలచరములలోనికిని పాదరసము చేరుటను గూర్చి బరంపురం విశ్వవిద్యాలయమువారు ఏండ్లతరబడి పరిశోధించి వ్రాసిరి. ఆ పిదప పాదరసములేని పద్ధతులు లోకమంతటను వచ్చినవి. యంత్రము లోపల జరుగు రసాయనచర్య పుస్తకములో రెండు పంక్తులు. బయటికి వచ్చు కాలువ సంగతి పుస్తకములో నుండదు.

ఒక కిలో ఉదజనికి తొమ్మిది కిలోల నీరు కావలెను. విద్యుత్తు, ప్రకృతి నియమము ననుసరించి, సుమారు 40 యూనిట్లు. నిజమైన యంత్రములు 50 మొదలు 55 యూనిట్లు తినును. ఆ విద్యుత్తు సూర్యునినుండి గాని గాలినుండి గాని నీటిపాతమునుండి గాని రావలెను. బొగ్గు కాల్చి తెచ్చిన విద్యుత్తుతో ఈ పని చేయుట, బావిలో నీరు పోయుటకు బావినుండియే నీరు తోడుట వంటిది.

మూడవది కలుపుట. బొగ్గుపులుసు వాయువును, ఉదజనిని 50 మొదలు 100 రెట్లు వాయుపీడనముతో, 200 మొదలు 300 డిగ్రీల వేడిలో, రాగి, యశదము కలిసిన ఉత్ప్రేరకముపై నడపించిన మిథనాల్ అను ద్రవమును, దానితో కొంత నీరును ఏర్పడును. మిథనాల్ ఆల్కహాలు జాతిదే కాని త్రాగరాదు. కన్నులు పోవును, ప్రాణమును పోవును. కల్తీ సారా త్రాగి జనులు మరణించుటకు తరచుగా కారణమిదియే. పెట్రోలు, విమానపు నూనె కావలెనన్న మఱియొక త్రోవ కలదు. 1920లలో ఫిషర్, ట్రాప్ష్ అను జర్మను శాస్త్రజ్ఞులు కనిపెట్టిన పద్ధతిలో కర్బనము గొలుసులు గొలుసులుగా అల్లుకొని నూనె యగును. ఆనాడు వారికి బొగ్గు ముడిసరకు. రెండవ ప్రపంచయుద్ధమున జర్మనులు ఆ నూనెతోనే కొంత నెట్టుకొనివచ్చిరి. కావున ఈ విద్యలో పునాదిరాళ్లన్నియు పాతవే. బొగ్గునకు బదులు బొగ్గు బూడిదతో మొదలిడుట యొక్కటే క్రొత్త.

1994లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమాన మందిన జార్జి ఓలా, మిథనాల్‌ను నమ్ముకొనుడని జీవితాంతము చెప్పుచు వచ్చెను. ఐస్‌లాండులో భూగర్భపు వేడితో నడచు విద్యుత్కేంద్రమువద్ద ఆయన పేరుతోనే ఒక కర్మాగారమును 2012 ప్రాంతమున నెలకొల్పిరి. విస్తరించిన పిదప దాని శక్తి సంవత్సరమునకు 4,000 టన్నులు. మన దేశమున వింధ్యాచల్ విద్యుత్కేంద్రములో ఎన్.టి.పి.సి. వారు 2022లో దినమునకు 20 టన్నుల బొగ్గుపులుసు వాయువును పొగనుండి పట్టు ఏర్పాటు చేసి, 2024లో దానినుండి మిథనాల్ తీసి చూపిరి. తెలంగాణములో మంచిర్యాల జిల్లా జైపూర్‌లోని సింగరేణివారి విద్యుత్కేంద్రమునను చిన్నతరహాలో ఇట్టి ప్రయోగమును చేపట్టిరి.

ఇప్పుడు లెక్క. ఒక కిలో మిథనాల్‌నకు సుమారు 1.4 కిలోల బొగ్గుపులుసు వాయువు, 190 గ్రాముల ఉదజని కావలెను. పట్టుట, విడదీయుట, నొక్కుట అన్నియు కలిపి ఖర్చగు విద్యుత్తు 10 మొదలు 11 యూనిట్లు. ఆ కిలో మిథనాల్ మండినపుడు వచ్చు వేడి 5.5 యూనిట్లు. సగము దారిలోనే పోయినది. దానిని ఇంజనులో పోసిన, బండిని నడుపుటకు పనికివచ్చునది ఆ వేడిలో నాలుగవవంతు. చిన్నబండ్లలో అంతకన్నను తక్కువ. అనగా పదియూనిట్లు పెట్టి యూనిటున్నర కూడ పొందుట కష్టము. ఆ పదియూనిట్లనే బ్యాటరీలో నింపి మోటారు నడిపించిన సుమారు ఎనిమిది యూనిట్లు చక్రమునకు చేరును.

ఈ యంకెలను నల్లబల్లపై వ్రాసి, ఎవరి యింటి బండికి వారిని లెక్కవేయుమంటిమి. ప్రశ్న మొదట అడిగిన బాలుడే మొదట లేచెను. లీటరు కృత్రిమ పెట్రోలు చేయుటకు ఇరువది యూనిట్లు పట్టిన, తన తండ్రిగారి స్కూటరు దానితో ఏబది కిలోమీటర్లు పోవును. అదే ఇరువది యూనిట్లతో కరెంటు స్కూటరు ఐదువందల కిలోమీటర్లు పోవును. "ఐతే ఇది దండుగ కదండీ, మాస్టారూ" అనెను. స్కూటరు విషయమున మేమును అట్లే తలచుచున్నాము. కార్లకును, ఊరి బస్సులకును ఈ యింధనమును వాగ్దానము చేయువారి మాట వినునపుడు ఈ బాలుని లెక్క జ్ఞప్తియందుంచుకొనవచ్చును.

కాని బ్యాటరీ మోయలేని బండ్లు రెండు కలవు. సముద్రము దాటు విమానము ఒకటి, పెద్దయోడ మఱియొకటి. ఖండాంతరము పోవుటకు చాలిన బ్యాటరీలను ఎక్కించిన విమానము నేల విడువలేదు. అందుచేత ఐరోపా సమాఖ్య తన విమానాశ్రయములలో నింపు నూనెలో 2025 నుండి నూటికి 2 పాళ్లు సుస్థిర ఇంధన ముండవలెననియు, అది 2050 నాటికి 70 పాళ్లు కావలెననియు, అందులో సగము, అనగా 35 పాళ్లు, ఇట్లు ఉదజనినుండి చేసిన కృత్రిమ ఇంధనము కావలెననియు శాసించినది. మన దేశము అంతర్జాతీయ విమానములకు 2027లో 1 పాలు, 2028లో 2, 2030లో 5 పాళ్లు అని లక్ష్యము పెట్టుకొన్నది.

ఓడల మాట వచ్చినపుడు గోపాలపురము తలపునకు రాకమానదు. మన తాతముత్తాతలలో ఎందఱో అచ్చటనే పొగయోడ యెక్కి రంగూనునకు కూలికి పోయిరి. ఆ యోడలు బొగ్గు మండించెను. రెండవ యుద్ధము తరువాత ఆ రేవు పాడువడి, చాలకాలమునకు మరల ఓడరేవుగా లేచినది. ఇప్పుడు వచ్చు ఓడలు నూనె మండించునవి. 2023లో మేర్స్క్ కంపెనీవారు మిథనాల్‌తో నడువగల తొలి సరకుల యోడను నీటిలో దింపిరి. డెన్మార్కులోని కాస్సోవద్ద సూర్యవిద్యుత్తుతోను, గోబర్ గ్యాసు వంటి జీవవాయువునుండి తీసిన బొగ్గుపులుసు వాయువుతోను సంవత్సరమునకు 42,000 టన్నుల మిథనాల్ చేయు కర్మాగారము 2025లో ప్రారంభమైనది. మనకు దక్షిణమున, విశాఖపట్టణము దాటి అనకాపల్లి జిల్లాలోని పూడిమడకవద్ద, 2025 జనవరి 8వ తేదీన హరిత ఉదజని కేంద్రమునకు శంకుస్థాపన జరిగినది. దినమునకు 1,500 టన్నుల ఉదజనియు, దానినుండి మిథనాల్, యూరియా, విమానపు నూనె మున్నగునవియు తీయుదుమని సంకల్పము. అందులో అధికభాగము ఎగుమతికట.

గోపాలపురమున 2023లో టాటావారి పారిశ్రామిక వాడలో హరిత ఉదజని, అమోనియాల కొఱకు ఏక్మే సంస్థ ఒడంబడిక చేసికొన్నది. అమోనియాలో కర్బనము లేదు. ఉదజనికి తోడు గాలిలోని నత్రజని చాలును. గాలిలో నత్రజని నూటికి 78 పాళ్లున్నది గనుక పట్టుట సులభము. కాని అమోనియా విషవాయువు, విమానములకు పనికిరాదు. మొదటి సగము పని, అనగా నీటిని విడదీయుట, రెంటికిని ఒక్కటే. ఆ వాడ యున్న నేలకును ఒక చరిత్ర కలదు. ఉక్కు కర్మాగారము వచ్చునని 1990లలో గ్రామములవారు భూములు విడిచిరి. ఆ కర్మాగారము రాలేదు. పిదప అది పారిశ్రామిక వాడగా మాఱినది.

అందుచేత దినమునకు నూఱు టన్నుల మిథనాల్ చేయు కర్మాగారమొకటి మన తీరమున వచ్చెననుకొని, దాని అవసరములు కట్టి చూచితిమి. నీటి లెక్క మమ్మాశ్చర్యపఱచినది. విడదీయుటకు దినమునకు సుమారు 170 టన్నుల నీరు; అందులో మూడవవంతు మిథనాల్‌తోపాటు తిరిగి వచ్చును. పట్టణములలో మనిషికి 135 లీటర్లు అను ప్రమాణముతో చూచిన, 170 టన్నులు సుమారు 1,250 మంది వాడుక. చల్లార్చుటకును శుద్ధిచేయుటకును అదనముగా కావలెను గాని, వేసవిలో కుళాయివద్ద బిందెల వరుస చూచిన బరంపురమువాడు భయపడునంత పెద్ద యంకె కాదిది. సముద్రజలమునే శుద్ధిచేసి వాడవచ్చును. అప్పుడు మిగులు చిక్కని ఉప్పునీటిని ఎచ్చట విడుతురని అడుగవలెను. ఋషికుల్య మొగవద్ద ఇసుకలో వేలకొలది ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గ్రుడ్లు పెట్టును గదా.

విద్యుత్తు లెక్కయే భారమైనది. దినమునకు పదిలక్షల యూనిట్లు. రాత్రి సూర్యుడుండడు, మబ్బుదినములుండును; అవియన్నియు చూచుకొని సూర్యఫలకములతోనే చేయదలచిన సుమారు 210 మెగావాట్ల ఫలకములు కావలెను. మెగావాటునకు నాలుగైదెకరముల చొప్పున అది సుమారు 900 ఎకరముల నేల. ఈ విద్యుత్తును దూరమునుండి తీగలపై తేవచ్చును. అప్పుడు ఆ నేల మఱియొక జిల్లాలో నుండును.

ఈ యంకె నల్లబల్లపై వ్రాసినపుడు గోపాలపురము త్రోవలోని గ్రామమునుండి నడచి వచ్చు విద్యార్థిని, "మాస్టారూ, ఆ 900 ఎకరములు ఎవరివండీ?" అని యడిగినది. ఈ ప్రశ్నకు సమాధానము రసాయనశాస్త్ర పుస్తకమున లేదు. పెద్ద రసాయన కర్మాగారములు పర్యావరణ అనుమతి కోరునపుడు చాలవఱకు ప్రజావిచారణ జరుపవలసి యుండుననియు, దానిని ముప్పది దినములు ముందుగా పత్రికలలో ప్రకటింపవలెననియు, అందు ఎవరైనను లేచి అడుగవచ్చుననియు చెప్పితిమి. ఆ ప్రకటన మన జిల్లాలో ఒడియా పత్రికలో వచ్చును గనుక, ఇంటిలో పెద్దలకు ఎవరు చదివి చెప్పగలరని అడిగితిమి. తరగతిలో ఇరువదిమూడు చేతులు లేచినవి.